పసివారి సులోచనములు
పసివారికి కళ్లజోడు కొనవలసివచ్చినప్పుడు మన తలిదండ్రులు మొదట ధరను, పిదప రంగును, ఆ మీదట "రెండేండ్లకైనను సరిపోవలె"నను ముందుచూపుతో కొలతను విచారింతురు గాని, ఆ జోడు బిడ్డ ముక్కుపై నిలుచునా జారునా యని చూచువారు బహు కొలదిమంది. ముక్కుదూలము ఇంకను ఎత్తు తేరని వయసున పెద్దల ఫ్రేమునకు చిన్న నకలైనదానిని తగిలించినచో, అది మాటిమాటికి నాసాగ్రమునకు జారుటయు, బిడ్డ అద్దముల పైయంచు మీదుగా చూడ నేర్చుటయు, వైద్యుడు కంట చుక్కలు వేసి, చూపును సర్దుకొను కండరమును సడలించి, శ్రమపడి నిర్ణయించిన పవరు నిష్ఫలమగుటయు సంభవించును. కావున కనుపాప అద్దమునకు ఇంచుమించు నడుమ నుండునట్లును, కాడలు చెవివెనుక ఒరయకుండునట్లును చూచి, ఆటలలో బంతి తగిలినను సులభముగ పగులని పాలీకార్బనేట్ అద్దములు వేయించుట యుక్తము. గాజు అద్దములు పిల్లలకు తగవు. "కళ్లజోడు పెట్టిన పిల్లకు సంబంధములు రా"వను వెరపుతో జాగుచేయుట అన్నింటికంటె గొప్ప ప్రమాదము. ఏలయన రెండు కన్నులలో నొకదానికే దోషము మిక్కుటమైనప్పుడు, మెదడు ఆ కంటి మసకబొమ్మను ఉపేక్షించుట కలవాటుపడి, ఏడెనిమిదేండ్ల ప్రాయము దాటిన పిదప ఎంత మంచి అద్దము పెట్టినను చూపు పూర్తిగా తేరుకొనుట కష్టమగును. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కంటి వెలుగు పథకమును బడిపిల్లల పరీక్షలతోనే ఆరంభించుట ఈ కారణముచే సముచితము. తలిదండ్రులారా, ఏటికొక్కమారైనను పరీక్ష చేయింపుడు. కొలత మీరు చూడుడు, రంగు మాత్రము బిడ్డకే విడువుడు. పెట్టెలో దాగిన ఖరీదైన జోడు కంటె ముక్కుపై నిలిచిన చౌకజోడు మేలు.