బిడ్డ పెంపకం పద్దు బడిలో రాయించాలి

ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ల వయసున్న ఆడపిల్లల్లో నూటికి 12.6 మంది అప్పటికే తల్లులుగానో గర్భిణులుగానో ఉన్నారని 2019–21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 6.8, పొరుగున ఉన్న తెలంగాణలో 5.8. ఈ తేడాకు బాధ్యులెవరని వెదకబోతే చదువు చెప్పేవారు, చదివించేవారు, పత్రికల్లో వ్యాసాలు రాసేవారు ముందు వరుసలోనే కనిపిస్తారు. ఎనిమిదో తరగతిలోనే చక్రవడ్డీ కట్టడం నేర్చే పిల్లలకు ఒక బిడ్డను ఏడాదిపాటు సాకడానికి ఎంతవుతుందో ఏ తరగతిలోనూ ఎవరూ లెక్క వేయించడం లేదు.

ఖర్చంటే అంగట్లో ఇచ్చే డబ్బొక్కటే కాదు. ఒక పనికి సమయం వెచ్చించడం వల్ల చేజారిపోయే రాబడిని అర్థశాస్త్రం అవకాశ వ్యయం అంటుంది, బిడ్డ పెంపకంలో అసలు బరువంతా దానిదే. పుట్టిన బిడ్డకు ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా పట్టకూడదు. తొలి వారాల్లో పగలూ రాత్రీ కలిపి రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలివ్వాలి. ఆ మధ్యలో తడిసిన పొత్తిగుడ్డలు మార్చి, ఉతికి, ముసురు పట్టిన రోజుల్లో పొయ్యి దగ్గర ఆరబెట్టాలి. ఈ స్థితిలో కూలికి వెళ్లలేని తల్లి నెలకు ఇరవై రోజుల పని వదులుకుంటుందనుకుంటే, 2024–25లో ఉపాధి హామీ పథకం ఇచ్చిన 300 రూపాయల రోజుకూలి చొప్పున ఆరు నెలల్లో 36,000 రూపాయలు పోతాయి. తొలి కాన్పుకు మాతృ వందన పథకం కింద వచ్చే 5,000 రూపాయలు పదిహేడు రోజుల కూలికి సరిపోవు, పద్దెనిమిదేళ్లు నిండని తల్లికి అవీ దక్కవు. టీకాలు ఉచితమే గాని ఆరు, పది, పద్నాలుగు వారాలప్పుడూ, తొమ్మిదో నెలలోనూ ఆటో కిరాయి, ఆ పూట కూలి ఆ ఇంటివే. మధ్యలో ఆగిపోయిన చదువు వల్ల జీవితాంతం తగ్గే సంపాదనకు ఈ పద్దులో గడి కూడా ఉండదు.

ఈ బరువు ముందే తెలిస్తే చిన్న వయసు గర్భాలు తగ్గుతాయని ఆస్ట్రేలియాలో పసిబిడ్డలా ఏడ్చే యంత్రబొమ్మలను విద్యార్థినుల చేతికిచ్చి చూశారు. ఆ బొమ్మను సాకినవారిలోనే గర్భధారణలు ఎక్కువయ్యాయని 2016లో లాన్సెట్ పత్రిక ప్రకటించింది. కావలసింది బొమ్మ కాదు, లెక్క.

తొమ్మిది, పది తరగతుల్లోని ప్రతి విద్యార్థి, ముఖ్యంగా ప్రతి మగపిల్లవాడు, రెండేళ్లలోపు బిడ్డ ఉన్న తెలిసిన ఇంటి పద్దును, ఆ ఇంటివారి సమ్మతితో, నెలరోజులు రాయాలి. అంగన్‌వాడీ కార్యకర్తో ఏఎన్‌ఎమ్మో తరగతికి వచ్చి దాన్ని సరిచూడాలి. ఆ నోటుపుస్తకం ఇంటికి వెళ్లి తల్లిదండ్రుల సంతకంతో తిరిగి రావాలి, ఎందుకంటే ఈ నూటికి 12.6 మందిలో చాలామంది విషయంలో నిర్ణయం పిల్లది కాదు, సంబంధం ఖాయం చేసిన పెద్దలది.

ఇలాంటివి బడిలో చెబితే పిల్లలు చెడిపోతారనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. పదహారేళ్ల పిల్లకు ముహూర్తం పెట్టించినప్పుడు రాని సంకోచం ఒక లెక్క నేర్పడానికి రావడం సిగ్గుచేటు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం పుస్తకంలో ఉన్నా, ఆ పందిట్లో విస్తళ్ల ముందు కూర్చున్నవారిలో ఉపాధ్యాయులూ ఉన్నారు, ఉద్యోగులూ ఉన్నారు, ఈ అంకెను పత్రికలో చదివి పేజీ తిప్పినవారూ ఉన్నారు.

ఈ పద్దు రాయించడానికి నిధులు అక్కర్లేదు, నలభై పేజీల నోటుపుస్తకం చాలు. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలోనే ఉపాధ్యాయులు దీన్ని ప్రతిపాదించాలి. వారు మరచిపోతే తల్లిదండ్రులే లేచి అడగాలి. ఈలోగా ఎక్కడైనా మైనరు పిల్లకు పెళ్లి ఏర్పాట్లు జరుగుతున్నట్టు తెలిస్తే, తెలిసినవారు ఆ రోజే 1098కి ఫోను చేయాలి.