ఎక్కడం సరే... దిగడమెలా?

జూపార్కులో, పెద్ద రైల్వేస్టేషన్లలో ముసలివాళ్లని ఎక్కించుకుని చప్పుడు లేకుండా వెళ్లిపోయే బ్యాటరీ కారుని చూసే ఉంటారు. దాని పుట్టిల్లు గోల్ఫ్ మైదానం. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో పీచ్‌ట్రీ సిటీ అనే ఊళ్లో అయితే ఈ బండ్లు తిరగడానికే 160 కిలోమీటర్లకు పైగా దారులున్నాయి. కూరగాయలకీ బడికీ కూడా అందులోనే వెళ్తారు. మన దగ్గరా రిసార్టులూ పెద్ద పెద్ద ఆవరణలూ ఉన్నవాళ్లు వీటిని కొంటున్నారు.

కొనేటప్పుడు అడిగేది ఎన్ని సీట్లు, ఒకసారి చార్జింగు పెడితే ఎంత దూరం వెళ్తుంది అనే. మోటారు ఏ రకమని అడిగేవాళ్లు తక్కువ. దారిలో ఏటవాలు ఉంటే మాత్రం మొదట అడగాల్సింది అదే!

పాత బండ్లలో ఎక్కువగా కనిపించేది సిరీస్ మోటారు. వంటింటి మిక్సీలో ఉండేదీ ఈ కుటుంబానిదే. లోపల తిరిగే భాగానికీ చుట్టూ ఉన్న తీగచుట్టకీ ఒకే కరెంటు వరసగా వెళ్తుంది. అందుకే ఎంత బరువునైనా మొదటి గుంజుడుకే కదిలిస్తుంది. మన ఎలక్ట్రిక్ రైలింజన్లు దశాబ్దాలపాటు నడిచిందీ వీటితోనే. బలం సరే, బుద్ధి తక్కువ. భారం తగ్గేకొద్దీ వేగం పెంచుకుంటూ పోతుంది. అసలు భారమే లేకుండా పూర్తి కరెంటిస్తే తనను తాను పాడుచేసుకునేంత వేగం అందుకుంటుంది. బండి ఏటవాలు దిగుతోందంటే మోటారు మీద భారం లేనట్టే కదా... పెడల్ మీంచి కాలు తీసినా అది బండిని పట్టుకోదు. ఆరుగురు పెద్దవాళ్లు, అరిగిన బ్రేకులు, వాన పడిన రోడ్డు... ఊహించుకోండి.

రెండోదాన్ని మెకానిక్కులు సెపెక్స్ అంటారు, కొందరు షంట్ అనీ అంటారు. ఇందులో తీగచుట్టకి కరెంటు వేరే దారిన వెళ్తుంది, ఎంత వెళ్లాలో కంట్రోలర్ చూసుకుంటుంది. దిగుడులో బండి జోరందుకోబోతే మోటారే జనరేటరుగా మారి వెనక్కి లాగుతుంది. పుట్టిన కరెంటు బ్యాటరీలోకి చేరుతుంది. దాంతో చార్జింగు ఖర్చు సగమైపోతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు, తిరిగొచ్చేది కొంచెమే. అసలు లాభం బ్రేకులకి.

మూడోది ఏసీ ఇండక్షన్ మోటారు. నికొలా టెస్లా 1888లో పేటెంట్లు పొందిన సూత్రం. పొలంలో బోరుబావి మోటారుదీ ఇదే జాతి. కార్బన్ బ్రష్‌లు ఉండవు కాబట్టి వాటిని మార్చే బెడద లేదు. దిగుడులో అదుపూ బాగుంటుంది. కాకపోతే బ్యాటరీ డీసీని త్రీఫేజ్ ఏసీగా మార్చే కంట్రోలర్ కావాలి. జేబుకి బరువు అక్కడే! మన రైల్వే కూడా 1990ల్లో డబ్ల్యూఏపీ-5 ఇంజిన్లతో ఈ దారి పట్టింది.

చదునైన ఆవరణలో తిరిగే బండికి సిరీస్ మోటారు చాలు. చవక, రిపేరూ తేలిక. ఎత్తుపల్లాలుంటే మిగతా రెండిట్లో ఒకటి తీసుకోవాల్సిందే. సెకండ్‌హ్యాండ్ బండిలో ఏ మోటారుందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. మోటారుకి లావుపాటి బోల్టులు నాలుగు ఉండి, వాటిలో రెండిటి మీద ఎస్1, ఎస్2 అని ఉంటే సిరీస్. ఎఫ్1, ఎఫ్2 అనే రెండు బోల్టులూ వాటి తీగలూ సన్నగా ఉంటే సెపెక్స్. లావుపాటి తీగలు మూడే ఉంటే ఏసీ. పాతదాన్ని కొన్నాక మోటారొక్కటీ మార్చేద్దాంలే అనుకుంటే కుదరదు. సిరీస్ కంట్రోలర్‌తో సెపెక్స్ మోటారు నడవదు, రెండూ మార్చాల్సిందే.

అన్నట్టు, చార్జింగు పాయింటు గుట్ట మీద పెట్టించేవాళ్లకో మాట. నిండుగా ఉన్న బ్యాటరీ కొత్తగా వచ్చే కరెంటుని తీసుకోలేదు. అలాంటప్పుడు మోటారు పట్టు కూడా తగ్గొచ్చు. పాయింటు కింద పెట్టిస్తే ఆ ఇబ్బంది ఉండదు. ఏ మోటారున్న బండికైనా బ్రేకులు నెలకోసారి చూపించడం మానొద్దు.