ఉమ్మెత్త నేర్పిన పాఠం

ఇంటర్ చదివిన పిల్లలున్న ఇళ్ళలో వేసవి వచ్చిందంటే ఎండల బాధకన్న సీట్ల బాధ మిన్న. గత వేసవిలో సరోజినీ నగర్‌లో నివసించే సహోద్యోగి ఒకరు కుమార్తెను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చారు. ఆ అమ్మాయి ఢిల్లీ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చదవాలని నిశ్చయించుకున్నది. “డాక్టరు సీటుకోసం ఇంకొక సంవత్సరం కోచింగు తీసుకోమంటే వినడం లేదు. మీరైనా నచ్చచెప్పండి సార్” అన్నది తండ్రి వేదన.

“అది వైద్యంలో సీటు రానివారు చేరే శాఖ కదమ్మా!” అని నేనూ అనేశాను.

ఆ అమ్మాయి నొచ్చుకోలేదు. “వినాయక చవితి పత్రిలో ఉమ్మెత్త ఉంటుంది కదా అంకుల్! దానితో మన ఢిల్లీలో ఏం సాధించారో తెలుసా?” అని అడిగింది. నాకు తెలియదు. ఆ తరువాత చదివి తెలుసుకున్నాను.

1949లో పంచానన్ మహేశ్వరి ఢిల్లీకి వచ్చి, ఇక్కడి వృక్షశాస్త్ర విభాగాన్ని ప్రపంచ ప్రఖ్యాతమైన పరిశోధనా కేంద్రంగా తీర్చిదిద్దారు. ఆ విభాగంలోనే 1964లో శిప్రా గుహ, సతీష్ చంద్ర మహేశ్వరి ఉమ్మెత్త పరాగకోశాలను పోషక ద్రవ్యాలపై పెంచి, వాటిలో పిండాలు ఏర్పడినట్లు ప్రకటించారు. అవి పుప్పొడి రేణువులనుండే పుట్టాయని 1966లో నిరూపించారు. ఉమ్మెత్త కణంలో 24 క్రోమోజోములు ఉంటే పుప్పొడిలో 12 మాత్రమే ఉంటాయి. అటువంటి మొక్కలో క్రోమోజోముల సంఖ్యను కాల్చిసిన్‌తో రెట్టింపు చేసినచో, ఆరేడు తరాల శ్రమతో లభించే శుద్ధమైన వంగడం ఒక్క తరంలోనే చేతికి వస్తుంది. చైనాలో ఈ మార్గాన కొత్త వరి వంగడాలు వెలువడ్డాయి. దేవుని పూజకు మాత్రమే పనికివస్తుందని మనమనుకునే మొక్క రైతుకు అంత మేలు చేసింది!

ఆ చదువు సాగే చోటు కూడా సామాన్యమైనది కాదు. ఐ.ఎన్.ఏ.లో మెట్రో మారి విశ్వవిద్యాలయ స్టేషనులో దిగితే, కళాశాలలు, కమలా నగర్ బజారు, విద్యార్థుల కోలాహలంతో అదొక ప్రత్యేక పట్టణం. ఆ సందడి ప్రక్కనే ఆరావళీ కొండల శేషమైన రిడ్జ్ అడవి ఉన్నది. మన ఊళ్ళలో సర్కారు తుమ్మ అని పిలిచే విదేశీ చెట్టు అక్కడి స్థానిక వృక్షాలను ఎలా అణచివేసిందో విద్యార్థులు కళ్ళారా చూడవచ్చు. అంతదూరం పంపడానికి సందేహించేవారికి, తిరుమల తిరుపతి దేవస్థానములు 1961లో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర కళాశాల దక్షిణ ఢిల్లీలోనే ఉన్నది. దానికి చేరువలోని మెట్రో స్టేషనుకు మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టడం తెలుగువారికి గర్వకారణం.

“నీకు ఈ అభిరుచి ఎలా కలిగింది?” అని అడిగాను. 2018 జూన్‌లో క్వార్టర్ల పునర్నిర్మాణంకోసం చెట్లు నరకబోతున్నారని తెలిసి, సరోజినీ నగర్‌లో ప్రజలు వాటిని కౌగిలించుకొని నిరసన తెలిపారు. ఢిల్లీ హైకోర్టు నరికివేతను తాత్కాలికంగా నిలిపివేసింది. అప్పటికి ఈ అమ్మాయి చిన్నపిల్ల. “ఈ వేపచెట్టును పెకలించి వేరొకచోట నాటితే బ్రతుకుతుందా?” అని తండ్రిని అడిగిందట. ఆయన చెప్పలేకపోయారు. ఆయనా ఇంజనీరే!

ఆ మాట నన్ను ఆలోచింపజేసింది. స్తంభం ఎంత బరువు మోయగలదో లెక్కకట్టే విద్య మనకున్నది. వేరు ఎంత గాయాన్ని ఓర్చుకోగలదో చెప్పే విద్య మనకు లేదు. నిర్మాణాలు చేపట్టే దేశానికి ఈ రెండు విద్యలూ అవసరమే.

ఉద్యోగం మాటను దాటవేయరాదు. ఈ మార్గం దీర్ఘమైనది. ఎం.ఎస్సీ., పరిశోధన పూర్తిచేసి స్థిరపడేసరికి తోటివారు చాలాకాలంగా జీతాలు అందుకుంటూ ఉంటారు. అయితే పూసాలోని వ్యవసాయ పరిశోధనా సంస్థ, జాతీయ మొక్కల జీనోమ్ పరిశోధనా సంస్థ ఈ నగరంలోనే ఉన్నాయి. భారత అటవీ సర్వీసు పరీక్షకు కూడా వృక్షశాస్త్ర పట్టభద్రులు అర్హులే.

ఈ విషయాలన్నీ ఆ తండ్రికి విన్నవించాను. ఆయన సందేహం పూర్తిగా తీరలేదు కాని, దరఖాస్తుపై సంతకం చేశారు. మన పిల్లలు ఏదైనా శాస్త్రాన్ని ఇష్టపడి కోరుకున్నప్పుడు, అది “సీటు రానివారి చదువు” అని నావలె తొందరపడి అనవద్దని సహోద్యోగులకు నా మనవి.