అమ్మమ్మ నవ్వింది... బొమ్మ కదిలింది!

మా ఇంట్లో ఒక ఫోటో ఉంది. అందులో గోడమీది కేలండరు తేదీలతో సహా చదువుకోవచ్చు. కుర్చీ కోళ్ళు కూడా చక్కగా కనిపిస్తాయి. ఆ కుర్చీలో కూర్చున్న మా అమ్మమ్మ మొహం మాత్రం తెల్లటి పొగలా ఉంటుంది! రాత్రిపూట, నడింట్లో, పైన వేలాడే ఒకే ఒక్క బల్బు కింద తీశాను. సరిగ్గా నేను మీట నొక్కే సమయానికి ఆవిడకి ఏదో గుర్తొచ్చి పకపకా నవ్వింది. ఆవిడ నవ్వుతున్న ఫోటో అదొక్కటే. మళ్ళీ తీద్దామంటే ఇప్పుడు ఆవిడ లేదు.

అందుకే ఈ వారం ఈ సంగతి. నేను పడ్డ బాధ మీరు పడకూడదు.

కేలండరు ఎందుకు బాగా వచ్చింది? అది నవ్వలేదు కాబట్టి! కెమేరాని స్టూలుమీద పెట్టి, వెలుగు చాలదని షట్టరుని సెకనులో 8వ వంతు తెరిచాను. కెమేరా కదల్లేదు. మనిషి కదిలింది. అంతే!

మీ దగ్గర చెడిపోయిన ఫోటోలుంటే ఓసారి తీసి చూడండి. మనిషీ గోడా రెండూ అలుక్కుపోయాయా? తప్పు మీ చేతిది. గోడ బాగానే ఉండి మనిషి చెదిరాడా? షట్టరు నిదానం. మనిషి కదలకుండా కూర్చున్నా మొహం మసకగా, వెనక గోడ స్పష్టంగా ఉందా? ఫోకస్ తప్పింది. మొదటి జబ్బుకి స్టాండు మందు. రెండోదానికి అది పనిచెయ్యదు. స్టాండు కెమేరాని పట్టుకుంటుంది గాని, అమ్మమ్మని పట్టుకోదు కదా!

"మరి సినిమాలో అన్ని గంతులేసినా హీరో చెదరడేం?" అంటారు మీరు. ఎందుకు చెదరడూ! సినిమా కెమేరా సెకనుకి 24 బొమ్మలు తీస్తుంది. మామూలుగా ఒక్కో బొమ్మకి 48వ వంతు సెకను దక్కుతుంది. ఫైటింగు మధ్యలో బొమ్మ ఆపి చూడండి, హీరోగారి పిడికిలి గీతలా సాగిపోయి ఉంటుంది. వరసగా పరుగెత్తేటప్పుడు మన కంటికి అది తెలియదు. అందుకే ఫిల్ము రోజుల్లో షాటు ఓకే కాగానే స్టిల్ ఫోటోగ్రాఫరు ముందుకొచ్చి, "ఒక్క క్షణం అలాగే ఉండండి" అంటూ తన కెమేరాతో వేరే తీసుకునేవాడు!

ఇక లెక్క. బుద్ధిగా కూర్చున్న మనిషికి 60వ వంతు సరిపోతుంది. కబుర్లాడుతూ నవ్వే మనిషికి 125వ వంతు కావాలి. గంతులేసే పిల్లలకి 250, 500. ట్యూబులైటు కింద చారలు పడుతుంటే 100వ వంతుకి రండి. మన కరెంటుతో అది సెకనుకి 100 సార్లు మిణుకుమంటుంది మరి.

కాని 15వ వంతు నుంచి 125కి వెళితే, కెమేరాలోకి వచ్చే వెలుగు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. ఆ లోటు పూడ్చాలి. లెన్సు బాగా తెరవండి. ఐ.ఎస్.ఓ. పెంచండి. బొమ్మ కాస్త గరుకుగా వస్తే రానివ్వండి. గరుకు నవ్వు చెదిరిన నవ్వుకన్నా వెయ్యి రెట్లు మేలు!

అన్నిటికన్నా మంచి ఉపాయం - మనిషిని వెలుగు దగ్గరికి తీసుకురావడం. బల్బుకీ మనిషికీ మధ్య దూరం సగం చేస్తే వెలుగు నాలుగింతలవుతుంది. పగలైతే బల్బు ఆర్పేసి, కుర్చీని కిటికీ పక్కకి జరపండి. కిటికీ వీపు వెనక ఉండకూడదు, చెంపవైపు ఉండాలి. రెండో చెంప మరీ నల్లబడితే అటువైపు ఒక తెల్ల పంచె ఆరేయండి. సెల్‌ఫోనుతో తీసేవాళ్ళకీ ఇదే మందు. చీకటి చూస్తే ఫోను తనంతట తనే షట్టరుని నిదానం చేస్తుంది.

ఫ్లాషు సూటిగా మొహాన కొడితే బొమ్మ కదలదు గాని మొహం పిండి పూసినట్టుంటుంది. దాని తల పైకి తిప్పే వీలుంటే తెల్లటి సీలింగుకి కొట్టండి. ఇది పెద్దల విద్యే! సత్యజిత్ రాయ్ 'అపరాజితో' (1956)కి కాశీలోని ఇంటి ముంగిలిని స్టూడియోలో సెట్టు వేస్తే, ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర పైన తెల్లగుడ్డ పరిపించి, లైట్లని దానిమీదికి తిప్పాడు. అక్కణ్ణించి జారిన మెత్తటి వెలుగు అచ్చం ఆకాశం నుంచి దిగినట్టే ఉంది. ఆయన గుడ్డ, మీ పంచె - సూత్రం ఒకటే!

ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళ కుర్చీని కిటికీ దగ్గరికి జరపండి. షట్టరు 125లో పెట్టండి. ఆ తరవాతే వాళ్ళని నవ్వించండి. నేను ముందు నవ్వించి, తరవాత షట్టరు సంగతి ఆలోచించాను!

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.