బడిలో పృచ్ఛకులు కావలెను

ప్రతి సంవత్సరము ఆగస్టు 29వ తేదీన, 1863లో ఆ దినముననే జన్మించిన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పేర తెలుగు భాషా దినోత్సవము జరుగునప్పుడు, మన ఉన్నత పాఠశాలల వేదికలపై ఒక విచిత్ర దృశ్యము గోచరించును. జనుల నోట నలుగు భాషయే చదువులోనికి రావలెనని దీర్ఘకాలము పోరాడిన ఆ మహనీయుని గూర్చి, తొమ్మిదవ తరగతి బాలిక, తానెన్నడును పలుకని సమాసములతో తెలుగు మాస్టారు రెండు పుటలు వ్రాసియిచ్చిన ఉపన్యాసమును గ్రుక్క తిప్పుకొనకుండ అప్పజెప్పును. నడుమ ఒక వాక్యము జారెనా, ఎక్కము తప్పినవానివలె మరల మొదటికి పోవలసినదే. చప్పట్లు మ్రోగును, ప్రశంసాపత్రము చేతికి వచ్చును. ఆ బాలిక తనకు తానుగా ఏమనుకొనుచున్నదో మాత్రము సభలో ఎవరికిని తెలియదు.

బిగ్గరగా పలుకుటయు చేతులు విసరుటయే వక్తృత్వమను భ్రమ ఎచ్చటనుండి వచ్చినదో గాని, మన ప్రాచీనులకది లేదు. కిష్కింధా కాండమున, భిక్షురూపమున వచ్చిన హనుమంతుని పలుకులు విని శ్రీరాముడు లక్ష్మణునితో చేసిన ప్రశంస నేటి ఏ శిక్షణ సంస్థ కరపత్రముకంటెను సమగ్రమైనది: సాగదీయక, తొందరపడక, సందేహమునకు తావీయక మధ్యమ స్వరమున పలికెననియు, పలుకునప్పుడు కన్నులయందు గాని నుదుటియందు గాని కనుబొమలయందు గాని దోషమేదియు కానరాలేదనియు రాముడు గుర్తించెను. అంత శ్రద్ధగా వినువాడు ఎదుట నుండుటచేతనే ఆ మాటనేర్పు బయటపడినది. మన బడులలో కొరవడినది వక్తలు కారు, అట్టి శ్రోతలు.

అష్టావధానము చూచినవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టును గూర్చుండి, ఒకరు సమస్యనిచ్చి, ఒకరు నిషిద్ధాక్షరితో అడుగడుగున అడ్డుపడి, అప్రస్తుత ప్రసంగి నడుమ నడుమ కొంటె ప్రశ్నలతో ఏకాగ్రతను చెదరగొట్టజూచుచుండ, అవధాని నిలువవలెను. తుదకు చేయు ధారణయు ఆ సభలో పుట్టిన పద్యములకే గాని, ఇంటివద్ద వల్లించి తెచ్చినవానికి గాదు.

పద్యములు కట్టుమని పిల్లలనెవరును కోరరు. వారమునకొక పీరియడున, ఒక విద్యార్థి తనకు తెలిసిన పని గూర్చి కాగితము లేకుండ ఐదు నిమిషములు చెప్పవలెను, తక్కినవారు అడుగవలెను. గుంటూరు ప్రాంతపు బాలుడైనచో, కల్లములో మిరపకాయలు ఎట్లు ఆరబోయుదురో, తాలుకాయలు ఎట్లు ఏరుదురో చెప్పగలడు. తాలుకాయకు ధర ఏల తగ్గునని వెనుకబెంచీ పిల్లవాడొకడు అడిగినప్పుడు, వానికి సమాధానము వెదకుకొనుటలో కలుగు తడబాటే అసలు పాఠము. అతడు పల్నాటి యాసలో పలికినను, పాలమూరి పిల్ల తన యాసలో బదులిచ్చినను, ఉపాధ్యాయుడు నడుమ దూరి దిద్దరాదు. గ్రాంథికచ్ఛాయను విడువలేని నావంటివాడు ఈ మాటనుట కొందరికి నవ్వు పుట్టింపవచ్చును, నవ్వనిండు.

సిలబసు ముగియదని అధ్యాపకులందురు. నిజమే, పదవ తరగతి పబ్లిక్ పరీక్షలో తెలుగు పేపరును నోరు మెదపకుండనే వ్రాసి గట్టెక్కవచ్చును గావున, నోటి చదువును ఎవరు పట్టించుకొందురు? ఆ లోటే డిగ్రీ ముగిసిన పిదప, ఇంటర్వ్యూ ముంగిట, అమీర్‌పేట శిక్షణాలయములలో వేలకు వేలు పోసి స్పోకెన్ ఇంగ్లీషు కొనుక్కొనునట్లు చేయుచున్నది. ఇంటి భాషలోనైనను నిలబడి ఆలోచించి నాలుగు మాటలు చెప్పుట అలవడనివానికి, పరభాషలో ఆ నేర్పు మూడు నెలలలో ఎట్లు పట్టువడును?

ఇక పోటీలు, బహుమతులు లేనిదే పిల్లలకు ఉత్సాహము రాదందురా, మంచి ప్రశ్న వేసినవానికే బహుమతి ఇయ్యుడు.