మీ పిల్లల ఫోన్‌లో వైఫై యాప్ కనిపించిందా?

గత నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి నా దగ్గరకు వచ్చి ఫోన్ చూపించారు. తొమ్మిదో తరగతి చదివే వాళ్ళ అబ్బాయి అందులో వైఫై అనలైజర్ యాప్ ఒకటి వేసుకున్నాడు. స్క్రీన్ మీద అపార్ట్‌మెంట్‌లోని ఇళ్ళ వైఫై పేర్లన్నీ వరసగా ఉన్నాయి. "సార్, వీడు పక్కింటి వాళ్ళ నెట్‌లో దూరుతున్నాడు. నాలుగు తగిలించి ఫోన్ లాక్కున్నాను" అన్నారాయన. పిల్లవాడు తల వంచుకుని నిలబడ్డాడు.

నిజానికి వాడు ఎవరి నెట్‌లోకీ దూరలేదు. ఆన్‌లైన్ క్లాసు తన గదిలో ఎందుకు మాటిమాటికీ ఆగిపోతోందో తెలుసుకోవాలనుకున్నాడు. కంప్యూటర్ టీచరుగా నేను చెప్పేది ఒక్కటే. ఇలాంటి యాప్ కనిపిస్తే ఫోన్ లాక్కోకండి. "ఇదేంటో నాకూ చూపించు" అని పక్కన కూర్చోండి.

ముందుగా భయం సంగతి. ప్రతి వైఫై రౌటర్ సాధారణంగా సెకనుకు పదిసార్లు తన పేరును తానే చాటుకుంటుంది. ఇంటి ముందు నేమ్‌ప్లేట్ లాంటిదే అది. ఆ పేర్లను, వాటి సిగ్నల్ బలాన్ని చదివి చూపించడమే ఈ యాప్ పని. నేమ్‌ప్లేట్ చదివినంత మాత్రాన ఎవరూ ఇంట్లోకి దూరినట్టు కాదు కదా!

ఇక దానివల్ల లాభమేమిటో మీరే చూడండి. నెట్ సరిగ్గా రాకపోతే మనం వెంటనే చేసే పని పెద్ద ప్లాన్‌కు మారడం. ప్లాన్ పెంచితే ఇంటి దాకా వచ్చే వేగం పెరుగుతుంది. హాలుకీ పడకగదికీ మధ్య ఉన్న గోడలు మాత్రం పలచబడవు. డబ్బు కట్టే ముందు ఒక ఆదివారం మీ పిల్లలతో కలిసి ఆ యాప్ పట్టుకుని గదిగదీ తిరగండి. ఈ పని ఆండ్రాయిడ్ ఫోన్‌లో బాగా కుదురుతుంది.

సిగ్నల్ బలం మైనస్ అంకెల్లో, డీబీఎం అనే కొలతలో కనిపిస్తుంది. సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. రౌటర్ పక్కన మైనస్ 40 ఉండొచ్చు. మైనస్ 67 దాకా వీడియో క్లాసు సాధారణంగా సాఫీగా నడుస్తుంది. మైనస్ 80 దాటితే ఇబ్బందే. ఇందులో లెక్కల పాఠం కూడా ఉంది. 10 డీబీఎం తగ్గితే సిగ్నల్ శక్తి పదో వంతుకు పడిపోతుంది. లాగరిథమ్‌లు ఎందుకు నేర్చుకోవాలని విసుక్కునే పిల్లలకు ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు.

రౌటర్ ఇనుప బీరువా వెనకో, టీవీ అల్మారాలోనో ఇరుక్కుని ఉంటే బయటికి తీసి, కాస్త ఎత్తులో, ఇంటి మధ్యకు జరిపి మళ్ళీ కొలవమనండి. తర్వాత ఛానల్ చూడమనండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానితో ఒకటి కలవని ఛానళ్ళుగా అందరూ వాడేవి మూడే: 1, 6, 11. అందరూ ఒకే ఛానల్‌లో ఉంటే వీధి కొళాయి దగ్గర బిందెల వరసే. ఖాళీగా ఉన్నదానికి మారితే నయం. 5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువ గానీ, ఆ సిగ్నల్ గోడలు దాటడంలో వెనకబడుతుంది. మీ నెట్‌వర్క్ పేరు పక్కన డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ ఉందో లేదో కూడా గమనించండి. 'ఓపెన్' అనో, పాతబడిన 'డబ్ల్యూఈపీ' అనో ఉంటే ఆ రోజే మార్చించండి.

అలాగని అన్ని యాప్‌లకూ నేను పూచీ పడటం లేదు. చుట్టూ ఉన్న వైఫై పేర్లను బట్టి ఫోన్ ఎక్కడుందో అంచనా వేయవచ్చు కాబట్టి ఆండ్రాయిడ్‌లో ఈ యాప్‌లు లొకేషన్ అనుమతి అడుగుతాయి. దాన్ని 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అని ఇవ్వండి. కాంటాక్టులు, మెసేజ్‌లు అడిగితే ఆ యాప్ తీసేయండి. సిగ్నల్ కొలవడానికి అవి అక్కర్లేదు. 'పక్కవాళ్ళ పాస్‌వర్డ్ చూపిస్తాం' అనే యాప్‌లను అసలు దగ్గరికి రానివ్వకండి. వాటిలో కొన్ని మీ ఇంటి పాస్‌వర్డ్‌నే పదిమందికీ పంచిపెడతాయి.

గీత ఎక్కడుందో పిల్లలకు మనమే చెప్పాలి. చూడటం వేరు, చొరబడటం వేరు. అనుమతి లేకుండా ఇతరుల నెట్‌వర్క్‌లోకి వెళ్ళడం ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్ కిందికి వస్తుంది. మోసబుద్ధితో చేస్తే 66వ సెక్షన్ ప్రకారం 3 ఏళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా ఉండొచ్చు. ఈ మాట దెబ్బలతో కాకుండా కూర్చోబెట్టి చెబితేనే తలకెక్కుతుంది. కొట్టి ఆపితే, రేపు నిజంగా తప్పుదారి పట్టినప్పుడు మనకు కనపడకుండా చేస్తారు.

ఇందులో మా బాధ్యతా ఉంది. హోంవర్కు ఫోన్‌కు పంపుతున్నాం గానీ, ఆ ఫోన్‌కు నెట్ ఎలా చేరుతుందో పిల్లలకు తగినంతగా చెప్పడం లేదు. తనంతట తాను తెలుసుకోబోయిన పిల్లవాడిని మెచ్చుకోవడం మన ఇద్దరి పని.

ఆ తండ్రికి నేను ఇదే చెప్పాను. వారం తర్వాత ఆయన ఫోన్ చేశారు. రౌటర్‌ను చెప్పుల స్టాండు పక్కనుంచి తీసి హాల్లో గోడకు పెట్టారట. "మా వాడే చెప్పాడు సార్, ఎక్కడ పెట్టాలో" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు.