కేస్ షీట్ లేకపోతే చావు కూడా లేనట్టేనా?

"రాతపని సరిగ్గా లేదని డాక్టరు మీద చర్య తీసుకుంటారా? పాపం, ఏజెన్సీలో పనిచేయడమే గొప్ప" అని కొందరు అంటున్నారు. మనకు కొత్త మాట కాదు. పట్నంలో తమ బిల్లులో ఒక్క కాగితం తప్పితే గొడవ చేసేవాళ్లే మన దగ్గరికొచ్చేసరికి "కాగితాలదేముందిలే" అంటారు. కాగితాల్లోనే ఉంది అన్నా, అంతా.

ఖమ్మం గుర్తుందా? 2009 జూలైలో ఉమ్మడి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్ కలిసి నడిపిన కార్యక్రమం అది. 2010 ఏప్రిల్‌లో ఆపేసేటప్పటికి ఇక్కడా, గుజరాత్‌లోనూ కలిపి ఏడుగురు అమ్మాయిలు చనిపోయారు. చావులకు టీకా కారణం అనిపించడం లేదని ప్రభుత్వ విచారణ కమిటీ తేల్చింది. కావచ్చు. కానీ ఆ మాట నమ్మాలంటే రికార్డు ఉండాలి కదా. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన 72వ నివేదిక చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 9,543 అంగీకార పత్రాలుంటే 1,948 మీద వేలిముద్రలే ఉన్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. కన్న తల్లిదండ్రులు బతికే ఉన్నారు, సంతకం మాత్రం వార్డెన్‌ది! టీకా తర్వాత ఎవరికి ఏమైందో నమోదు చేసే ఏర్పాటే సరిగ్గా లేదు. ఇది రాతపనిలో పొరపాటా? పిల్లల ప్రాణం మీద లెక్కలేనితనమా?

ఇంక నియమం సంగతి. అది కొత్తగా పుట్టింది కాదు, 2002 నుంచీ ఉంది. మెడికల్ కౌన్సిల్ నీతి నియమావళి ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డు వైద్యం మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు దాచాలి. రోగిగానీ, రోగి తరఫు మనిషిగానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. దాచకపోవడం, అడిగితే ఇవ్వకపోవడం దుష్ప్రవర్తన కిందికే వస్తాయి. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ పిలిచి విచారించి డాక్టరు పేరు రిజిస్టరు నుంచి తీసేయొచ్చు కూడా. ఫిర్యాదు మీద 6 నెలల్లో తేల్చాలని కూడా అందులోనే రాసుంది.

అయితే ఆ నియమానికి పెద్ద కన్నం ఉంది. "చేరిన రోగి" అంటుంది. మనోళ్లను చేర్చుకునేదెక్కడ? డోలీలో మోసుకొచ్చిన గర్భిణిని గుమ్మం దగ్గరే చూసి "పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అంటారు. చేర్చుకోలేదు కాబట్టి కేస్ షీటు లేదు. చేతిలో ఓపీ చీటీ, దాని మీద అర్థంకాని రెండు గీతలు. దారిలో ప్రాణం పోతే ఎవరు చూశారు, బీపీ ఎంత, ఎన్ని గంటలకు పంపారు, దేనికీ సాక్ష్యం ఉండదు. కాబట్టి చర్యలు తీసుకోవడమే కాదు, ఓపీకీ, రెఫరల్‌కీ కూడా అదే నియమం పెట్టాలని మనం అడగాలి.

డాక్టర్లు తక్కువ, రోగులు ఎక్కువ అంటారు. నిజమే, కాదనను. ఒక్క డాక్టరు రోజంతా ఓపీ చూసి రాత్రి కాన్పు కూడా చేయాల్సిన పీహెచ్‌సీలున్నాయి. అలాంటి మనిషి హడావుడిలో ఒక గడి నింపకపోతే సస్పెండ్ చేయమని మేం అనడం లేదు. పోస్టులు నింపనిది ప్రభుత్వం, దాని పాపం దానిదే. మేం అడుగుతున్నది వేరు: మనిషి పోయాక కేస్ షీటు తిరగరాసేవాళ్లు, మలేరియా చావును "జ్వరం, గుండె ఆగింది" అని మార్చేవాళ్లు, మార్చమని పైనుంచి ఫోన్ చేసేవాళ్లు. గుండె ఆగకుండా ఎవరైనా చస్తారా? అసలు చిక్కేంటంటే, గొడవైనప్పుడల్లా మెమో అందేది ఏఎన్ఎంకి, కాంట్రాక్టు నర్సుకి. ఆ నర్సు చాలాసార్లు మన గూడెం పిల్లే. సంతకం పెట్టాల్సిన డాక్టరుకి ఏమీ కాదు.

ఇంకో అన్యాయం. 2019 నేషనల్ మెడికల్ కమిషన్ చట్టంలో రాష్ట్ర కౌన్సిల్ తీర్పు మీద పైకి అప్పీలు చేసుకునే హక్కు డాక్టరుకని రాశారు. రోగి మాటే ఎత్తలేదు. డాక్టరుకి రెండో గుమ్మం ఉంది, బిడ్డను పోగొట్టుకున్న అమ్మకు లేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో చదువుకున్నవాళ్లు ఈ పని నేర్చుకోండి. మీ ఊరివాళ్లు ఆసుపత్రిలో చేరితే కేస్ షీటు కాపీ కావాలని దరఖాస్తు రెండు ప్రతులు రాయండి, ఒకదాని మీద తేదీ వేసి సంతకం, ముద్ర తీసుకోండి. తీసుకోం అంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రశీదు దాచండి. చనిపోతే మరణ కారణం పత్రం అడగండి, దానికి పైసా కట్టక్కర్లేదు. ఓపీ చీటీ కూడా పారేయకండి, ఇంటికి రాకముందే ఫోనులో ఫొటో తీయండి. 72 గంటలు దాటితే ఆ కాగితాలతో మెడికల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు పెట్టండి. రాయడం రాకపోతే మాకు పంపండి, కూర్చుని కలిసి రాద్దాం.